ఇంట్లో లైసెన్సు తుపాకీకి ఏ లాకరు? కరోనా రోజుల లెక్కతో ఒక సమీక్ష

తీర్పు ముందే చెబుతున్నాం. రివాల్వరు గానీ పన్నెండు బోరు తుపాకీ గానీ ఉన్న ఇంటికి ఇవాళ హైదరాబాద్‌లో దొరికేవాటిలో మేలైనది, బాలానగర్, కాటేదాన్, చర్లపల్లి వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్లలో 3 మి.మీ. రేకుతో చేయించుకునే తాళంచెవి లాకరు. చూడ్డానికి మొరటుగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే నల్లటి డిజిటల్ పెట్టె దానికంటే అందంగా, తేలికగా ఉండి తొందరగా ఇంటికొస్తుంది. ఆ తేలికే దాని లోపం. ఇక బీరువా లోపలి అర ఏ లెక్కలో చూసినా ఆయుధానికి చాలదు.

వీటిని మామూలు రోజులతో కాకుండా 2020, 2021తో కొలవడానికి కారణముంది. మామూలుగా పిల్లలు బడికి, పెద్దలు పనికి పోతారు. లాకరున్న గదిలో పగలంతా ఎవరూ ఉండరు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మరుసటి ఏడు మే 12 నుంచి తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్, మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. ఇంటిల్లిపాదీ రెండు మూడు గదుల్లో వారాల తరబడి. తోచక తిరిగే పిల్లలు తెరిచి చూడని అర అంటూ ఉండదు. నిద్రపట్టని పెద్దవాళ్లు, జీతం ఆగిపోయిన మనిషి, కరోనాకు స్టెరాయిడ్లు వాడుతున్న మనిషి, అందరూ ఆ తాళానికి నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు. స్టెరాయిడ్లతో కొందరికి నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. దొంగ బయటినుంచి వస్తాడని లాకరు కొనేవాళ్లు ఈ లెక్క వేసుకోరు. అందరూ ఇంట్లోనే ఉండే రోజుల్లో లాకరు మొదట కాపాడాల్సింది ఇంట్లోవాళ్లనే. కింద చెప్పే మంచిచెడ్డలన్నీ ఈ కొలతతోనే.

అదే మార్చిలో అమెరికాలో తుపాకుల దుకాణాల ముందు జనం వరసలు కట్టారు. కొనేవాళ్ల మీద ఎఫ్‌బీఐ వ్యవస్థ ద్వారా జరిగే నేపథ్య తనిఖీలు ఆ ఒక్క నెలలో 37 లక్షలు దాటాయి. తనిఖీలన్నీ అమ్మకాలు కావు గానీ, భయం ఎంత వేగంగా కొనుగోలుగా మారుతుందో ఆ అంకె చెబుతుంది. అక్కడున్న మన పిల్లల మాటలు ఫోన్లో విని ఇక్కడివాళ్లకూ మనసు అటు పోవచ్చు. మన దగ్గర దారి వేరు. 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల కింద దరఖాస్తు, పోలీసు విచారణ, భద్రతా శిక్షణ, ఇంట్లో భద్రంగా దాచుకుంటామన్న హామీ పత్రం, ఇవన్నీ అయ్యాకే లైసెన్సు. భయం పుట్టిన వారంలో తెచ్చుకునే వస్తువు కాదు. అందుకే ఈ సమీక్ష ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లకు మాత్రమే.

లాకరు సైజు విషయంలో చట్టమే సాయం చేసింది. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఉండే పరిమితి రెండుకు దిగింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా, అంటే 2020 డిసెంబరు నాటికి, దాన్ని అప్పగించాల్సి వచ్చింది. అంటే రెండు ఆయుధాలు పట్టే లాకరు చాలు. నాలుగు తుపాకుల స్టాండు ఉన్న విదేశీ నమూనా చూసి మోజుపడితే ఖాళీ చోటుకు డబ్బు పెట్టినట్టే. ఆ ఖాళీలోకి నగలు, ఎల్‌ఐసీ బాండ్లు, నగదు వచ్చి చేరతాయి కూడా. అసలు చిక్కు అక్కడే. లాక్‌డౌన్‌లో ఇన్సూరెన్సు కార్డు కోసమో, ఆసుపత్రికి అడ్వాన్సు కట్టడానికి నగదు కోసమో ఆ తలుపు రోజుకు నాలుగుసార్లు తెరుచుకుంటుంది. తాళంచెవి చేతులు మారుతుంది. కోడ్ ఇంట్లో అందరికీ నోటికొస్తుంది. తుపాకీ లాకరులో తుపాకీ తప్ప ఇంకేదీ ఉండకూడదు. కాగితాలకూ డబ్బుకూ వేరే పెట్టె చూసుకోవాలి.

బీరువా సంగతి

మన ఇళ్లలో బీరువాలు ఎక్కువగా 20, 22 గేజి రేకుతో వస్తాయి, అంటే ఒక మి.మీ. కన్నా తక్కువ మందం. లోపలి అరకు ఉండేది ఒక చిన్న నాలుక తాళం. పెద్ద స్క్రూడ్రైవరు సందులో దూర్చి మెలిపెడితే రేకే వంగిపోతుంది, తాళం దాకా వెళ్లే పనిలేదు. పైగా బీరువా తాళంచెవి ఏ పరుపు కింద ఉంటుందో ఇంట్లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. తప్పనిసరై కొన్నాళ్లు బీరువాలోనే పెట్టాల్సివస్తే కనీసం కేబుల్ తాళం వాడాలి. రివాల్వరుకైతే సిలిండరు తెరిచి, ఫ్రేములోంచి కేబుల్ తీసి తాళం వేయాలి. సిలిండరు మూసుకోదు కాబట్టి పేలదు. పిస్టలుకు మ్యాగజైన్ తీసేసి, ఛాంబరు, అంటే పేలే ముందు తూటా కూర్చునే చోటు, ఖాళీ అని చూసుకున్నాక, మ్యాగజైన్ దూరే దారిలోంచి ఖాళీ తూటా తొడుగులు బయటపడే కిటికీ దాకా కేబుల్ పోనివ్వాలి.

డిజిటల్ పెట్టెలు

ఆరు నుంచి పది వేల రూపాయల మధ్య దొరికే చిన్న డిజిటల్ లాకర్లలో తలుపు కాస్త మందంగా, ఒళ్లు పల్చగా ఉంటుంది. దుకాణంలో తలుపు మందం చూపించి అమ్ముతారు. వెనకవైపు బోల్టు రంధ్రం దగ్గర రేకు అంచు కనబడుతుంది, కొలవాల్సింది అక్కడ. ఈ రకంలో బోల్టును ఆపేది స్ప్రింగు మీద నిలిచి, కరెంటు తగిలితే లేచే ఒక చిన్న సోలినాయిడ్ పిన్ను. చవక నమూనాల్లో పైన పిడికిలితో గుద్దుతూ అదే క్షణంలో నాబ్ తిప్పితే ఆ పిన్ను ఎగిరి తలుపు తెరుచుకుంటుంది. కొనేముందు దుకాణంలోనే ఈ పరీక్ష చేయనివ్వమని అడగండి. ఒప్పుకోని దుకాణంలో కొనొద్దు.

ఇవి ఎక్కువగా నాలుగు ఏఏ సెల్లతో నడుస్తాయి. సెల్లు డీలాపడితే పిన్ను సగమే లేస్తుంది. లైటు వెలుగుతుంది, బీప్ వస్తుంది, తలుపు రాదు. చాలామంది తాళం పాడైందని ఫోన్ చేసేది ఇందుకే. ఆల్కలైన్ సెల్లే వేయాలి, ఏడాదికోసారి నాలుగూ కలిపి మార్చాలి, కొత్తవీ పాతవీ కలపకూడదు. దుకాణాలు పొద్దున నాలుగు గంటలే తెరిచే రోజులు మళ్లీ రావచ్చు కాబట్టి ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోవాలి. అత్యవసర తాళంచెవి లాకరులోనే పెట్టేసి మూసేవాళ్లు తక్కువేమీ కాదు. డబ్బాతో పాటు వచ్చే కాగితంలో కంపెనీ మాస్టర్ కోడ్ ఉంటే మొదటి రోజే మార్చాలి.

కరోనా రోజుల్లో వీటికి కొత్త జబ్బులు రెండు బయటపడ్డాయి. వేలిముద్ర తాళాలు శానిటైజరుతో ఎండిపోయి పగిలిన వేళ్లను గుర్తుపట్టవు. తడి ఆరని వేలినీ గుర్తుపట్టవు. మూడుసార్లు తప్పితే కొన్ని నమూనాలు కాసేపు మొరాయిస్తాయి. రెండోది అంకెల బటన్లు. రోజూ శానిటైజరుతో తుడిచిన కీప్యాడ్ మీద వాడే అంకెల రంగు పోతుంది. నాలుగు అంకెల కోడ్‌లో నాలుగూ వేరువేరైతే, అరిగిన ఆ నాలుగు బటన్లతో 24 వరసలే సాధ్యం. పదేళ్ల పిల్లాడికి అది అరగంట ఆట. ఆరు అంకెల కోడ్ పెట్టుకుని అందులో నాలుగు వేర్వేరు అంకెలే వాడితే ఆ సంఖ్య 1560కి చేరుతుంది. కీప్యాడ్ మీద నేరుగా స్ప్రే కొట్టొద్దు, ద్రవం పొరకిందికి దిగి బటను అతుక్కుంటుంది. ఆరిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకుని తెరవడం అన్నిటికంటే మేలు.

అగ్నినిరోధక లాకర్లని అమ్మేవాటి గురించి ఒక మాట. వాటి గోడల్లో నింపే పదార్థం తేమ పట్టి ఉంచుతుంది, మంటల్లో కాగితాన్ని కాపాడేది ఆ తేమే. ఇనుముకు మాత్రం అది శత్రువు. కాగితాలకు కొనుక్కోండి, తుపాకీకి వద్దు.

చేయించుకునే లాకరు

పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకీ అమరి ఉన్నప్పుడు సుమారు 45 నుంచి 48 అంగుళాల పొడవు. నిలబెట్టి పెట్టాలంటే లాకరు లోపలి ఎత్తు కనీసం 50 అంగుళాలు ఉండాలి. గొట్టాలు విప్పి పెట్టేవాళ్లకు 32 అంగుళాల లోపలి పొడవు సరిపోతుంది. ఇల్లు చిన్నదైతే ఇదే మంచిది, విప్పి ఉన్న తుపాకీ ఎవరి చేతిలో పడ్డా ఆయుధం కాదు. రివాల్వరు ఒక్కటే ఉన్నవాళ్లు ఇందులో నాలుగోవంతు సైజుతో సరిపెట్టుకోవచ్చు, కానీ రేకు మందం తగ్గించొద్దు.

బరువు మనమే లెక్కగట్టుకోవచ్చు. చదరపు మీటరు ఇనుప రేకు ఒక మి.మీ. మందానికి 7.85 కిలోలు. 1350 మి.మీ. ఎత్తు, 350 వెడల్పు, 300 లోతు పెట్టెకు రేకు దాదాపు 1.97 చదరపు మీటర్లు పడుతుంది. 3 మి.మీ. రేకుతో 46 కిలోలు. తలుపు 5 మి.మీ. వేయిస్తే ఇంకో ఏడున్నర. మొత్తం దాదాపు 54 కిలోలు, తాళం, బోల్టులు కాకుండా. షెడ్డువాళ్లు కిలో లెక్కన ధర చెబుతారు కాబట్టి ఈ లెక్క చేతిలో ఉంటే బేరం తేలిక. తీసుకునేటప్పుడు కాటా వేయించండి. 40 కిలోలే తూగితే ఎక్కడో పల్చటి రేకు పడ్డట్టే. గేజిలో మాట్లాడితే 10 గేజి అంటే 3.2 మి.మీ., 14 గేజి అంటే 2 మి.మీ., 18 గేజి అంటే 1.2 మి.మీ. అంకె పెరిగితే రేకు పల్చబడుతుందని మరిచిపోయి మోసపోతుంటారు.

ఆర్డరిచ్చేటప్పుడు కాగితం మీద రాయించాల్సినవి ఉన్నాయి. మూలలకు చుక్క వెల్డింగ్ పనికిరాదు, అతుకు పొడవునా వేయాలి. తలుపు చుట్టూ సందు 2 మి.మీ. దాటితే గడ్డపార మొన దూరుతుంది. కీళ్లు బయట ఉన్నా పరవాలేదు గానీ కీళ్లవైపు లోపల ఒక అడ్డపట్టీ ఉండి తలుపు మూసినప్పుడు చట్రం వెనక్కి దూరాలి, అప్పుడు కీళ్లు కోసేసినా తలుపు ఊడదు. తాళం కనీసం 8 లీవర్లది, బోల్టులు మూడు వైపులకు పోయేది. తాళం ముందు గట్టి ఉక్కు ముక్క ఒకటి వెల్డ్ చేయిస్తే డ్రిల్లు బిట్టు జారిపోతుంది. తీసుకునే రోజు ఫోన్ టార్చి వెలిగించి లోపల పెట్టి, తలుపు మూసి, షెడ్డులో లైటు ఆర్పి చూడండి. వెలుగుగీత నాలుగు వైపులా ఒకే సన్నంలో కనబడాలి. ఒక మూల లావుగా ఉంటే తలుపు వంకరపోయింది, అక్కడికక్కడే సరిచేయించాలి. ఇంటికొచ్చాక ఎవరూ రారు.

పౌడర్ కోటింగ్ అడగండి. రెడ్ ఆక్సైడు, ఎనామెల్ పూసి ఇస్తే వారం పదిరోజులు తలుపు తెరిచి ఎండలో ఆరనిచ్చాకే వాడాలి. లోపల స్పాంజి అంటించొద్దు, తేమ పీల్చి ఇనుముకు ఆనించి ఉంచుతుంది. చెక్క పట్టీ మీద ఫెల్టు వేసి, అప్పుడప్పుడు తీసి ఎండలో పెట్టుకునేలా ఉంచుకోవాలి.

బిగింపు విషయంలో హైదరాబాద్ ఇళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. పాత ఇళ్ల తొమ్మిదంగుళాల ఇటుక గోడలకూ కాంక్రీటు స్తంభాలకూ ఎం10 లేదా ఎం12 ఫాస్టెనర్లు గట్టిగా పట్టుకుంటాయి. కొత్త అపార్టుమెంట్లలో తేలికపాటి ఏఏసీ దిమ్మెల గోడలకు అవే ఫాస్టెనర్లు కొద్ది నెలల్లో వదులవుతాయి. అక్కడ రసాయన యాంకరు, అంటే రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి నిలబెట్టే బోల్టు, వేయాలి, లేదా గోడ అవతలి వైపు ఇనుప పలక పెట్టి ఆరపార బోల్టు బిగించాలి, లేదా నేల స్లాబుకు బిగించాలి. రంధ్రం వేశాక దుమ్ము ఊది తీయకపోతే ఏ ఫాస్టెనరైనా సగం బలంతోనే ఉంటుంది. కాంక్రీటు అంచుకు 100 మి.మీ. లోపల వేయొద్దు, పెచ్చు ఊడుతుంది. నాలుగు బోల్టులు, రెండు నేలకు, రెండు గోడకు. బిగించని 54 కిలోల లాకరును ఇద్దరు మనుషులు ఆటోలోకి ఎక్కించగలరు.

నేల మీద నేరుగా పెట్టొద్దు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు నగరంలో ఏం జరిగిందో బాలాపూర్, ఫలక్‌నుమా, టోలీచౌకి, సరూర్‌నగర్ వైపు కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మహమ్మారి మధ్యలోనే వరద వచ్చింది. చెరువు కిందున్న కాలనీల్లో కింది అంతస్తైతే రెండున్నర మూడడుగుల కాంక్రీటు దిమ్మె కట్టించి దానిమీద బిగించాలి, లేదా పై అంతస్తుకు మార్చాలి. తూటాల పెట్టెకు మిద్దె కింద అటక కూడా వద్దు, మే నెల వేడికి అవి పాడవుతాయి.

తుప్పు, శానిటైజరు, కొబ్బరినూనె

ఇంత చెప్పిన లాకరులో పెట్టినా తుపాకీ తుప్పుపట్టే మార్గాలు ఇంట్లోనే ఉన్నాయి. కరోనాకు ఇళ్లలో చల్లిన సోడియం హైపోక్లోరైట్, నీళ్లలో కలిపే బ్లీచింగ్ పౌడరు ఆవిరి రూపంలోనే నల్లపూత ఉక్కును తినేస్తాయి. లాకరున్న గదిలో ఆ డబ్బాలు నిల్వ ఉంచొద్దు, లాకరు మీద చల్లొద్దు. శానిటైజరులో ఆల్కహాలు లోహం మీది నూనెపొరను కడిగేస్తుంది, చెక్క బట్టు మీది లక్కపాలిషును తెల్లగా చేస్తుంది. అది మండేది కూడా, కాబట్టి తడి చేతులతో తూటాలు ముట్టుకోవద్దు. బయట ఎవరి చేతిలోంచైనా వచ్చిన తుపాకీని శుభ్రం చేయాలనిపిస్తే, సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చి, పల్చగా గన్ ఆయిల్ రాయాలి.

గన్ ఆయిల్ దొరకని రోజుల్లో కుట్టుమిషను నూనె పల్చటి పొరగా పనికొస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల దరిదాపుల్లో గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగురై ట్రిగ్గరు లోపలి భాగాలను పట్టేస్తుంది. తూటాల వెనక ప్రైమరుకు ఏ నూనే తగలకూడదు, లోపలికి దిగితే పేలవు. తోలు హోల్‌స్టరులో రివాల్వరును నిల్వ ఉంచే అలవాటు చాలామందికి ఉంది. తోలు తేమను పట్టుకుంటుంది, ఒక్క వానాకాలంలో గొట్టం మీద చుక్కలు పడతాయి. పైన చెప్పిన సైజు లాకరుకు పావు కిలో సిలికా జెల్ గుడ్డసంచిలో కట్టి వేస్తే చాలు. రంగు మారినప్పుడు 110, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే తేమ పోయి మళ్లీ పనికొస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా రెండు వారాలకోసారి చూడాలి, మిగతా రోజుల్లో నెలకోసారి.

తూటాలు వేరే చిన్న ఇనుప పెట్టెలో, వేరే తాళంతో, వీలైతే వేరే గదిలో ఉండాలి. ఆపద వేళ ఆలస్యమవుతుందన్న వాదన వినబడుతుంది. ఊరంతా తలుపులు వేసుకుని, ఇంటింటా మనుషులున్న రోజుల్లో అర్ధరాత్రి తలుపు తట్టేది ఎక్కువగా పక్కింట్లో ఊపిరాడని మనిషి కోసం ఆక్సిజన్ సిలిండరు అడగడానికి వచ్చినవాళ్లు. ముందు లైటు, తర్వాత గొంతు, తర్వాత 100కు ఫోను. ఈ మూడింటికీ ఏ లాకరూ తెరవక్కర్లేదు. జ్వరం ఉన్నప్పుడు, నిద్రమాత్ర వేసుకున్నప్పుడు, మందు తాగినప్పుడు లాకరు జోలికి పోకూడదు. పెట్టే ముందు ప్రతిసారీ గొట్టాన్ని ఇసుక బకెట్టు వైపు తిప్పి, పిస్టలైతే మొదట మ్యాగజైన్ తీసి, ఆ తర్వాత స్లైడు వెనక్కి లాగి, రివాల్వరైతే సిలిండరు తెరిచి అన్నీ రాల్చి, కంటితో చూసి వేలితో తడిమి అప్పుడు లోపల పెట్టాలి. మ్యాగజైన్ తీయకుండా స్లైడు లాగి వదిలితే ఛాంబరులోకి ఇంకోటి ఎక్కుతుంది, ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఈ వరస తప్పినప్పుడే.

లైసెన్సుదారుడే ఆసుపత్రి పాలైతే

లాకరు ఎంత మంచిదైనా దీనికి జవాబు ముందే రాసి పెట్టుకోవాలి. ఒక తాళంచెవి లైసెన్సుదారుడి దగ్గర, రెండోది సీలు వేసి సంతకం చేసిన కవరులో బ్యాంకు లాకరులో. లాక్‌డౌన్‌లోనూ బ్యాంకులు తక్కువ గంటలైనా తెరిచే ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు తాళంచెవి ఇవ్వక్కర్లేదు. లైసెన్సు నంబరు, యూఐఎన్ (లైసెన్సుదారుడికి ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య), ఆయుధం నంబరు, స్టేషను పేరు, డీలరు పేరు ఉన్న ఒక కాగితం ఇవ్వాలి. లైసెన్సు గడువు తేదీ కూడా అందులోనే రాయాలి. 2019 సవరణ తర్వాత గడువు ఐదేళ్లు, మధ్యలో మరిచిపోవడం తేలిక.

లైసెన్సు లేని మనిషి మరమ్మతుకో రెన్యువలుకో ఆయుధం తీసుకెళ్లాలంటే లైసెన్సుదారుడు పక్కన ఉండాలి లేదా అతని రాతపూర్వక అనుమతి ఉండాలని ఆయుధాల చట్టంలో మూడో సెక్షను చెబుతుంది. ఐసీయూలో ఉన్న మనిషి రాయలేడు. ఎక్కువ రోజుల చికిత్స ఖాయమని తెలిస్తే, చేరకముందే స్టేషనులోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయడం మంచిది. మనిషి పోతే వారసులు ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, ఆలస్యం చేయకుండా 21వ సెక్షను కింద స్టేషనుకో డీలరుకో అప్పగించి, ఆ తర్వాత తమ పేరిట దరఖాస్తు సంగతి చూసుకోవాలి. లాకరు తెరవకముందే స్టేషనుకు ఫోన్ చేసి ఎలా తేవాలో అడగడం మేలు.

డిపాజిట్ అవసరం ఎన్నికలప్పుడూ వస్తుంది. 2020 డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ పోలింగు కూడా కరోనా మధ్యలోనే జరిగింది. ఇచ్చేటప్పుడు రసీదులో తయారీదారు, బోరు, ఆయుధం నంబరు, తూటాల సంఖ్య, ఉన్న గీతలు మచ్చలు రాయించుకోవాలి. డీలరైతే నెలకెంత అద్దో అందులోనే ఉండాలి. ఇచ్చేముందు నూనె మనమే రాసివ్వాలి, అక్కడ ఎవరూ రాయరు. తిరిగి తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గరే గొట్టంలోకి లైటు వేసి చూసి, నంబరు రసీదుతో సరిపోల్చి, అప్పుడే రిజిస్టరులో సంతకం పెట్టాలి.